నీటిపోటు చమురు క్షేత్రాలలో ప్రవాహ నమూనాలు

భూగర్భంలోని ముడిచమురు తనంతట తానుగా పైకి రావడం తగ్గిపోయిన తరువాత, కొన్ని బావుల గుండా నీటిని లోపలికి ఎక్కించి, ఆ నీటి తోపుతో మిగిలిన చమురును ఇతర బావుల వైపు నెట్టే పద్ధతిని వాటర్ ఫ్లడింగ్ లేదా నీటిపోటు అంటారు. ఇలా ఎన్నో ఏళ్ళుగా నీరు ఎక్కించిన పాత క్షేత్రాలలో చమురు, నీరు ఏ దారిన, ఎంత వేగంతో, ఏ పాళ్ళలో కదులుతున్నాయో అంచనా వేయడానికి వాడే సమీకరణాలను, కంప్యూటరు లెక్కలను ప్రవాహ నమూనాలు అంటారు.

ఈ నమూనాల అవసరం పుస్తకాలకు పరిమితమైనది కాదు. నీటిపోటు చాలాకాలం సాగిన తరువాత కూడా అనేక క్షేత్రాలలో మొదట ఉన్న చమురులో సగానికి పైగా రాతిలోనే ఉండిపోతుంది. మరోపక్క బావుల నుండి పైకి వచ్చే ద్రవంలో 90 శాతం, ఒక్కొక్కచోట అంతకంటే ఎక్కువ, నీరే ఉంటుంది. ఆ నీటిని పైకి తోడడానికి, చమురు నుండి వేరుచేయడానికి, శుభ్రపరచి తిరిగి లోపలికి ఎక్కించడానికి విద్యుత్తు, డబ్బు ఖర్చవుతాయి. ఏ బావిని మూయాలి, ఏ బావిలో నీరు తగ్గించాలి, కొత్త బావి ఎక్కడ తవ్వాలి, అసలు క్షేత్రాన్ని ఎప్పుడు వదిలివేయాలి అన్న నిర్ణయాలు ఈ నమూనాలు చెప్పే జవాబు మీద ఆధారపడి ఉంటాయి.

రాతిలో చమురు

భూగర్భంలో చమురు ఒక చెరువులాగా నిలిచి ఉంటుందని చాలామంది అనుకుంటారు. వాస్తవానికి అది ఇసుకరాయి, సున్నపురాయి వంటి శిలలలోని సన్నని రంధ్రాలలో, తడిసిన ఇటుకలో నీరు ఉన్నట్లు, ఇమిడి ఉంటుంది. శిల మొత్తం ఘనపరిమాణంలో ఖాళీల వంతును సచ్ఛిద్రత అంటారు. ఆ ఖాళీలలో నీరు, చమురు ఏ పాళ్ళలో ఉన్నాయో చెప్పేది సంతృప్తత. ద్రవం ఎంత సులభంగా ఆ శిల గుండా పారగలదో తెలిపేది పారగమ్యత.

ఉదాహరణకు ఒక ఘనమీటరు ఇసుకరాయి సచ్ఛిద్రత 20 శాతం అనుకుందాం. అందులో 200 లీటర్ల ఖాళీ ఉంటుంది. చమురు చేరడానికి ముందు ఆ రాతిలో ఉన్నది నీరే కనుక, కొంత నీరు రేణువులను అంటిపెట్టుకొని ఎప్పటికీ మిగిలి ఉంటుంది. అది 40 లీటర్లు అనుకుంటే చమురు 160 లీటర్లు. నీటితో ఎంత తోసినా అందులో కొంత కేశనాళిక బలాల వల్ల రంధ్రాల మధ్య చిన్న చిన్న బిందువులుగా తెగిపోయి చిక్కుకుపోతుంది. దీనిని అవశేష చమురు అంటారు. అది ఖాళీలో నాలుగవ వంతు, అంటే 50 లీటర్లు అనుకుంటే, నీటిపోటుకు లొంగే చమురు 110 లీటర్లు మాత్రమే. ఈ అంకెలు దిగువ లెక్కలో మళ్ళీ ఉపయోగపడతాయి.

చరిత్ర

నీటిపోటు ఎవరో ప్రయోగశాలలో కనిపెట్టినది కాదు, అనుకోకుండా జరిగినది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 19వ శతాబ్దంలో తవ్విన బావులలో కొన్నింటిని సరిగా మూయకుండా వదిలివేయడం వల్ల పైపొరలలోని నీరు చమురు పొరలోకి దిగింది. అలా దిగిన నీరు ఆ బావిని పాడుచేసినా, పక్క బావులలో చమురు పెరగడానికి తోడ్పడవచ్చునని భూవిజ్ఞాని జాన్ కార్ల్ 1880లో తన నివేదికలో రాశాడు. అయినా చమురు పొరలోకి నీరు వదలడం చాలాకాలం పాటు అక్కడ చట్టవిరుద్ధంగానే ఉండేది. కొందరు బావి యజమానులు రాత్రిపూట రహస్యంగా గొట్టాలకు చిల్లులు పెట్టేవారట. 1921లో పెన్సిల్వేనియా చట్టం దీనిని అనుమతించింది. 1924లో బ్రాడ్‌ఫర్డ్ క్షేత్రంలో నాలుగు మూలలా నీటి బావులు, నడుమ చమురు బావి ఉండే అయిదు బావుల అమరికను ప్రయత్నించారు. 1881లో శిఖరాన్ని చేరి తరువాత క్షీణించిన ఆ క్షేత్రపు ఉత్పత్తి, నీటిపోటు వల్ల 1937లో రెండవ శిఖరాన్ని అందుకుంది.

లెక్కల వైపు నుండి చూస్తే మొదటి మెట్టు హెన్రీ డార్సీది. ఫ్రాన్సులోని దిజోన్ నగర మంచినీటి సరఫరాపై పనిచేసిన ఈ ఇంజనీరు, ఇసుక గుండా పారే నీటి పరిమాణం పీడన భేదానికి అనులోమంగా ఉంటుందని 1856లో ప్రకటించాడు. ఇది ఒకే ద్రవానికి చెందిన సూత్రం. రెండు ద్రవాలు ఒకే రంధ్రాలలో పారినపుడు ఒకదానికొకటి అడ్డం వస్తాయి. అందువల్ల ప్రతి ద్రవానికీ వేరుగా సాపేక్ష పారగమ్యత అనే గుణకం అవసరమయింది. వైకాఫ్, బోట్సెట్ 1936లో ప్రచురించిన ప్రయోగాలు, అదే సంవత్సరం మస్కాట్, మెరెస్ రాసిన సమీకరణాలు ఈ భావనకు పునాది వేశాయి. కంప్యూటర్లు లేని ఆ రోజులలో బావుల అమరికలను పరిశీలించడానికి విద్యుద్విశ్లేష్య ద్రావణాలతో చేసిన నమూనాలను వాడేవారు. పీడనానికి బదులు వోల్టేజి, నీటికి బదులు అయానులు అన్నమాట.

బక్లీ - లెవరెట్ సిద్ధాంతం

1942లో బక్లీ, లెవరెట్ ప్రచురించిన పరిశోధన పత్రం నేటికీ ఈ శాస్త్రానికి వెన్నెముక. ఒక పొడవైన రాతి కడ్డీకి ఒక కొసన నీరు ఎక్కిస్తే మరో కొసన ఏమి వస్తుందన్నది వారు తీసుకున్న ప్రశ్న. ఏ బిందువు వద్దనైనా పారుతున్న మొత్తం ద్రవంలో నీటి వంతును నీటి పాలు అందాం. ఇది రెండింటి మీద ఆధారపడుతుంది: అక్కడి సాపేక్ష పారగమ్యతల నిష్పత్తి, ఆ రెండు ద్రవాల స్నిగ్ధతల నిష్పత్తి. రాతిలో నీరు ఎంత ఉన్నదన్నది వేరు, పారే ద్రవంలో నీరు ఎంత ఉన్నదన్నది వేరు. విద్యార్థులు తరచుగా తడబడేది ఇక్కడే.

పై ఉదాహరణలోని రాతినే తీసుకొని, చమురు స్నిగ్ధత నీటికి 4 రెట్లు అనుకుందాం. అవశేష నీరు మాత్రమే ఉన్నప్పుడు చమురు సాపేక్ష పారగమ్యత 0.8, అవశేష చమురు మాత్రమే ఉన్నప్పుడు నీటి సాపేక్ష పారగమ్యత 0.3 అనీ, రెండూ వర్గ నియమం ప్రకారం మారతాయనీ అనుకుంటే వచ్చే ఫలితం ఇది. ఖాళీలలో నీరు 50 శాతం ఉన్నచోట పారే ద్రవంలో నీరు 68 శాతం. నీరు 60 శాతం ఉన్నచోట 91 శాతం. 65 శాతం ఉన్నచోట దాదాపు 97 శాతం. 70 శాతం ఉన్నచోట 99 శాతం దాటుతుంది. అంటే బావిలో 97 శాతం నీరే వస్తున్న సమయంలో కూడా ఆ బావి చుట్టూ ఉన్న రంధ్రాలలో 35 శాతం చమురే. అందులో 10 శాతం ఇంకా కదలగలిగినదే. కదలదగిన చమురు ఉండి కూడా రాకపోవడానికి కారణం, పక్కన నీటికి అంతకంటే తేలికైన దారి ఏర్పడి ఉండడం.

ఈ సిద్ధాంతం చెప్పే మరో ముఖ్య విషయం నీటి ముఖం గురించినది. సమీకరణాన్ని యథాతథంగా సాధిస్తే ఒకేచోట ఒకే క్షణంలో మూడు వేర్వేరు సంతృప్తతలు వస్తాయి. ఇది అసాధ్యం. నిజానికి అక్కడ సంతృప్తత క్రమంగా మారక, గోడ కట్టినట్లు ఒక్కసారిగా మారుతుంది. ఆ గోడ ఎక్కడ నిలుస్తుందో ద్రవ్య నిత్యత్వం ఆధారంగా బక్లీ, లెవరెట్ నిర్ణయించారు. నీటి పాలు వక్రరేఖకు ఒక స్పర్శరేఖ గీసి అదే జవాబును సులువుగా పొందే మార్గాన్ని 1952లో వెల్జ్ చూపించాడు.

మన ఉదాహరణలో స్పర్శరేఖ వక్రాన్ని తాకేది నీటి సంతృప్తత 55 శాతం దగ్గర. కడ్డీలోకి సుమారు 85 లీటర్ల నీరు ఎక్కేవరకు రెండవ కొసన స్వచ్ఛమైన చమురే, అదీ సరిగ్గా 85 లీటర్లు, వస్తుంది. ఆ తరువాతి క్షణంలో నీటి పాలు సున్న నుండి 82 శాతానికి ఎగబాకుతుంది. అక్కడి నుండి నీటి పాలు 97 శాతానికి చేరేలోగా మరో 180 లీటర్ల నీరు ఎక్కించాలి. అందుకు ప్రతిఫలంగా వచ్చే చమురు 13 లీటర్లు. పాత క్షేత్రాల కథ అంతా ఈ రెండు అంకెలలో ఉంది.

నిజమైన శిల కడ్డీ వంటిది కాదు

పైన చెప్పినది అంతటా ఒకే తీరుగా ఉన్న రాయికి. ప్రకృతిలో అటువంటి రాయి లేదు. నదీముఖాలలో, సముద్ర తీరాలలో మేట వేసిన ఇసుక పొరలలో ఒకటి ముతకది, ఒకటి సన్నది, నడుమ బంకమట్టి. సమానమైన మందం గల రెండు పొరలలో ఒకదాని పారగమ్యత రెండవదానికి 10 రెట్లు ఉన్నదనుకుందాం. ఎక్కించిన నీటిలో 91 శాతం మొదటి పొరలోకే పోతుంది. రెండు ద్రవాల చలనశీలత సమానమని అనుకున్నా, మొదటి పొరలో నీరు బావిని చేరేసరికి రెండవ పొరలో దారిలో పదవ వంతు మాత్రమే నడిచి ఉంటుంది. ఆ తరువాత ఎక్కించే నీరు చాలావరకు మొదటి పొర గుండా వచ్చి పోతూ ఉంటుంది. ఇలా నీటిని దోచుకుపోయే పొరలను చమురు ఇంజనీర్లు దొంగ పొరలు అంటారు. శిల ఎంత అసమంగా ఉన్నదో 0 నుండి 1 వరకు ఒకే అంకెలో చెప్పే గుణకాన్ని డైక్‌స్ట్రా, పార్సన్స్ 1950లో ప్రవేశపెట్టారు.

దీనికి చలనశీలత నిష్పత్తి తోడవుతుంది. తోసే నీరు తోయబడే చమురు కంటే ఎంత సులభంగా కదలగలదో ఇది చెబుతుంది. మన ఉదాహరణలో ఇది 1.5. చమురు స్నిగ్ధత నీటికి 40 రెట్లయితే ఇది 15 అవుతుంది. అప్పుడు నీటి ముఖం గోడలాగా ముందుకు సాగదు, వేళ్ళు చాచినట్లు చీలికలై చమురును దాటిపోతుంది. నీటిలో పాలిమర్ కలిపి చిక్కబరచడం ఇందుకు విరుగుడు. చైనాలోని దాచింగ్ క్షేత్రాన్ని 1959లో కనుగొని, 1960 నుండే నీరు ఎక్కించసాగారు. 1976 నుండి 2002 వరకు అక్కడ ఏటా 5 కోట్ల టన్నులకు పైగా చమురు తీశారు. నీటి పాలు బాగా పెరిగిన దశలో, 1990వ దశకం మధ్య నుండి, అక్కడ పాలిమర్‌ను పెద్ద ఎత్తున వాడారు.

గడుల నమూనాలు

కంప్యూటర్లు వచ్చిన తరువాత క్షేత్రం మొత్తాన్ని చిన్న చిన్న గడులుగా విభజించి లెక్కించడం సాధ్యమయింది. ప్రతి గడికి సచ్ఛిద్రత, పారగమ్యత, పీడనం, సంతృప్తత ఇచ్చి, పక్క గడుల నుండి వచ్చినదెంత, పోయినదెంత అని కాలక్రమంలో అడుగు అడుగుగా లెక్క కడతారు. 5 కిలోమీటర్ల పొడవు, 4 కిలోమీటర్ల వెడల్పు, 60 మీటర్ల మందం గల నిక్షేపాన్ని 50 మీటర్ల చదరపు గడులుగా, ఒక్కొక్క మీటరు మందంతో విభజిస్తే 4,80,000 గడులు వస్తాయి. గడి ఎంత చిన్నదైనా బావి దానికంటే ఎంతో సన్నగా, జానెడు వెడల్పున ఉంటుంది. గడి పీడనానికీ బావి పీడనానికీ సంబంధం ఏమిటన్న చిక్కును పీస్‌మన్ 1978లో విప్పాడు. చదరపు గడిలో, గడి భుజంలో సుమారు అయిదవ వంతు దూరాన బావి చుట్టూ ఉండే పీడనమే గడి పీడనమని ఆయన చూపాడు.

ఈ పద్ధతికి స్వాభావికమైన ఒక లోపం ఉంది. బక్లీ - లెవరెట్ చెప్పిన గోడవంటి నీటి ముఖం గడుల లెక్కలో అలుక్కుపోయి వాలుగా మారుతుంది. దానితో నీరు నిజంగా రావలసిన సమయం కంటే ముందే బావికి వచ్చినట్లు కనిపిస్తుంది. గడులను చిన్నవి చేస్తే లోపం తగ్గుతుంది కాని లెక్కకు పట్టే సమయం పెరుగుతుంది. అందుకే భూవిజ్ఞానులు ఇచ్చే అతి సూక్ష్మ చిత్రాన్ని పెద్ద గడులకు కుదించవలసి వస్తుంది. ఈ కుదింపు పద్ధతులను పోల్చి చూడడానికి సొసైటీ ఆఫ్ పెట్రోలియం ఇంజనీర్స్ తరఫున 2001లో క్రిస్టీ, బ్లంట్ ఒక పరీక్షా నమూనాను ప్రచురించారు. అందులో 11,22,000 గడులు ఉన్నాయి.

1990వ దశకంలో ప్రవాహ రేఖల పద్ధతి ప్రాచుర్యంలోకి వచ్చింది. ఇందులో ముందుగా పీడనాన్ని గడులలో లెక్కించి, ఏ నీటి బావి నుండి ఏ చమురు బావికి ద్రవం ఏ రేఖల వెంట పోతుందో గీస్తారు. తరువాత ఒక్కొక్క రేఖ వెంట బక్లీ - లెవరెట్ వంటి ఏకమితీయ లెక్క చేస్తారు. ఏ నీటి బావి ఏ చమురు బావికి ఎంతవరకు తోడ్పడుతున్నదో ఇది నేరుగా చూపుతుంది కనుక నీటిపోటు క్షేత్రాలకు ఇది బాగా నప్పుతుంది.

గత చరిత్రతో సరిపోల్చడం

పాత క్షేత్రానికి, కొత్త క్షేత్రానికి పెద్ద తేడా సమాచారంలో ఉంది. కొత్త క్షేత్రంలో ఉన్నవి కొద్ది బావులు, కొద్ది రాతి నమూనాలు. పాత క్షేత్రంలో ఇరవై ముప్పై ఏళ్ళ ఉత్పత్తి లెక్కలు ఉంటాయి. నమూనా ఆ గతాన్ని తిరిగి చెప్పగలిగేలా దానిలోని పారగమ్యతలు మొదలైనవాటిని సవరించడాన్ని చరిత్రతో సరిపోల్చడం అంటారు.

ఇక్కడ జాగ్రత్త అవసరం. లక్షల గడులలోని తెలియని రాశులను కొన్ని పదుల బావుల కొలతలతో నిర్ణయించడమంటే, సమీకరణాలు తక్కువ, తెలియనివి ఎక్కువ ఉన్న లెక్క. ఒకే గతాన్ని చక్కగా చెప్పే నమూనాలు ఎన్నైనా ఉండవచ్చు, అవి చెప్పే భవిష్యత్తులు మాత్రం వేర్వేరు. గతంతో సరిపోయిందన్న ఒక్క కారణంతో నమూనాను నమ్మడం చెల్లదు. ఈ కారణంగానే ఒకే నమూనాకు బదులు వంద నమూనాలను కలిపి నడిపే పద్ధతులు వచ్చాయి. 1994లో ఎవెన్‌సన్ సముద్ర శాస్త్రం కోసం రూపొందించిన సమూహ కాల్మన్ వడపోత పద్ధతిని 2000వ దశకంలో చమురు క్షేత్రాలకు అన్వయించారు. కొత్త కొలత వచ్చినపుడల్లా అన్ని నమూనాలూ కొద్దిగా సవరించబడతాయి. వాటి మధ్య మిగిలిన భేదమే అంచనాలోని అనిశ్చితికి కొలమానం.

కొలతలు కూడా ఎప్పుడూ నమ్మదగినవి కావు. అనేక క్షేత్రాలలో ప్రతి బావి ఉత్పత్తిని రోజూ విడిగా కొలవరు. బావులన్నింటి ద్రవం ఒక కేంద్రానికి చేరిన తరువాత, ఎప్పుడో చేసిన పరీక్షల ఆధారంగా బావులకు పంచి రాస్తారు. ఆ పంపకంలోని పొరపాటును భూగర్భ శిలకు అంటగట్టి సవరించడం అనుభవం లేనివారు చేసే పని. నీటిలో గుర్తు పదార్థాలను కలిపి అవి ఏ బావిలో ఎన్ని రోజులకు తేలతాయో చూడడం ఇటువంటి సందేహాలను తీర్చే మంచి సాధనం. ట్రిటియం కలిసిన నీరు, థయోసయనేటు లవణాలు ఇందుకు వాడుకలో ఉన్నాయి.

తేలిక నమూనాలు

గడుల నమూనా తయారుకు నెలలు పడుతుంది. రోజువారీ నిర్ణయాలకు అంతకంటే తేలికైనవి కావాలి. వాటిలో పాతది గ్రాఫు కాగితం మీది గీత. పైకి వచ్చే నీటికి, చమురుకు గల నిష్పత్తి సంవర్గమానాన్ని, అప్పటివరకు తీసిన మొత్తం చమురుకు ఎదురుగా గుర్తిస్తే, పాత క్షేత్రాలలో అది చాలావరకు సరళరేఖగా వస్తుంది. దానిని ముందుకు పొడిగించి ఇంకెంత చమురు వస్తుందో అంచనా వేస్తారు. శాతాలలో చెప్పే నీటి పాలు కంటే ఈ నిష్పత్తే స్పష్టమైనది. నీటి పాలు 98 నుండి 99 శాతానికి మారిందంటే స్వల్పంగా తోస్తుంది. ఒక పీపా చమురుకు తోడవలసిన నీరు మాత్రం 49 పీపాల నుండి 99 పీపాలకు, అంటే రెట్టింపుకు పెరిగింది. బావుల నిర్వహణను మార్చినపుడు, ఉదాహరణకు ఒక పొరను మూసినపుడు, ఈ సరళరేఖ విరిగిపోతుందని మరువరాదు.

మరొకటి 2000వ దశకంలో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ధారిత - నిరోధ నమూనా. విద్యుత్ వలయాలలోని కెపాసిటరు, రెసిస్టరుల పోలిక వల్ల దీనికి ఆ పేరు వచ్చింది. తెలుగువారికి చెరువు పోలిక ఇంకా దగ్గరగా ఉంటుంది. ఒక చెరువులోకి నాలుగు వాగులు వస్తాయి, ఒక తూము గుండా నీరు పోతుంది. వాగులో నీరు పెరిగిన వెంటనే తూములో పెరగదు, చెరువు నిండేకొద్దీ నెమ్మదిగా పెరుగుతుంది. చెరువు ఎంత పెద్దదైతే ఆలస్యం అంత ఎక్కువ. అలాగే ప్రతి చమురు బావి చుట్టూ ఉన్న శిలను ఒక చెరువుగా, నీటి బావులను వాగులుగా ఈ నమూనా భావిస్తుంది. ప్రతి నీటి బావి నుండి ప్రతి చమురు బావికి పోయే వంతు ఒక రాశి, ప్రతి చమురు బావి స్పందించడానికి పట్టే కాలం మరొక రాశి. ఎక్కించిన నీటి లెక్కలు, తీసిన ద్రవం లెక్కలు ఉంటే చాలు, ఈ రాశులను కంప్యూటరు నిమిషాలలో వెతికిపెడుతుంది. ఒక నీటి బావి వంతులన్నీ కలిపితే 1 కంటే బాగా తక్కువ వచ్చిందంటే, ఎక్కించిన నీరు క్షేత్రం దాటి ఎటో పోతున్నదని అనుమానించవలసిందే.

అయితే ఈ నమూనా ద్రవం మొత్తాన్నే చెబుతుంది. అందులో చమురెంత, నీరెంత అని విడదీయడానికి వేరొక అనుభవ సూత్రాన్ని జోడించాలి. ఎక్కించే నీటి పరిమాణం ఏళ్ళ తరబడి మారకుండా ఉన్న క్షేత్రంలో ఇది పనిచేయదు. వాగులన్నీ ఎప్పుడూ ఒకే తీరున పారుతుంటే ఏ వాగు వల్ల తూములో ఎంత వచ్చిందో చెప్పలేము కదా.

భారతదేశంలో

ముంబయికి పడమరగా అరేబియా సముద్రంలో ఉన్న ముంబయి హై, దేశంలోని నీటిపోటు క్షేత్రాలలో ముఖ్యమైనది. 1974లో కనుగొన్న ఈ క్షేత్రంలో 1976లో ఉత్పత్తి, 1984లో నీరు ఎక్కించడం మొదలయ్యాయి. 1980వ దశకంలో ఉత్పత్తి రోజుకు సుమారు 4.7 లక్షల పీపాలకు చేరి, తరువాత తగ్గింది. ఇక్కడి ప్రధాన నిక్షేపం పలు పొరలుగా ఉన్న సున్నపురాయి కావడం వల్ల దొంగ పొరల సమస్య తీవ్రమైనది. చమురు, సహజవాయు సంస్థ (ఓఎన్‌జీసీ) 2000వ దశకం ఆరంభంలో పునరభివృద్ధి పథకాలు చేపట్టింది. ఈ క్షేత్రపు ఉత్పత్తిని పెంచడానికి 2025 జనవరిలో బీపీ సంస్థను సాంకేతిక సేవల కోసం ఎంపిక చేసింది. నిక్షేపాల అధ్యయనం కోసమే ఓఎన్‌జీసీకి అహ్మదాబాదులో ప్రత్యేక సంస్థ ఉంది.

రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ జిల్లాలో 2004లో కనుగొన్న మంగళ క్షేత్రంలోని చమురులో మైనం ఎక్కువ. చల్లటి నీరు ఎక్కిస్తే మైనం గడ్డకట్టే ప్రమాదం ఉన్నందున అక్కడ వేడి నీటిని ఎక్కించారు. 2014-15 నుండి నీటికి పాలిమర్‌ను కూడా జోడించారు. అటువంటి చోట నమూనాలో పీడనం, సంతృప్తతలతో పాటు ఉష్ణోగ్రతను, పాలిమర్ గాఢతను కూడా లెక్కించాలి.

ఆంధ్ర ప్రదేశ్‌కు సంబంధించినంతవరకు చెప్పుకోదగినది రవ్వ క్షేత్రం. కోనసీమ తీరానికి ఎదురుగా, కృష్ణా - గోదావరి బేసిన్‌లో, లోతు తక్కువ సముద్రంలో ఉన్న ఈ క్షేత్రాన్ని ఓఎన్‌జీసీ 1987లో కనుగొంది. 1993లో ఉత్పత్తి మొదలయింది. శుద్ధి కేంద్రం ఎస్. యానం వద్ద ఉంది. ఇసుకరాయి నిక్షేపంలో పీడనం నిలపడానికి ఇక్కడ నీటిని ఎక్కించారు. చాలా ఏళ్ళు రోజుకు 50,000 పీపాల స్థాయిలో నిలిచిన ఉత్పత్తి, నీటి పాలు పెరిగేకొద్దీ తగ్గుతూ వచ్చింది. 1994లో 25 సంవత్సరాలకు కుదిరిన ఉత్పత్తి పంపిణీ ఒప్పందాన్ని 2019లో మరో 10 సంవత్సరాలు పొడిగించారు. ఆ గడువులోగా నిక్షేపంలో మిగిలిన చమురులో ఎంత భాగం బావులను చేరగలదన్నది అక్కడి ఇంజనీర్ల ముందున్న లెక్క.